దివాలా అంచున కార్ల కంపెనీ: పూచీ, జాతీయం, కోర్టు, వదిలేయడం, వీటిలో ఏది ఎప్పుడు సరైనది?

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా కంపెనీ, 1997లో అప్పులు తీర్చలేక చేతులెత్తేసిన కంపెనీయే. ఆ ఏడాది అక్టోబరులో కొరియా ప్రభుత్వం దానిని కోర్టు రక్షణ కిందికి పంపుతామనీ, ప్రభుత్వ బ్యాంకు ఇచ్చిన అప్పును వాటాగా మార్చుకుంటామనీ ప్రకటించింది. మరుసటి ఏడాది కంపెనీని వేలానికి పెడితే రెండుసార్లు బేరం కుదరలేదు. మూడోసారి హ్యుందాయ్ కొనుక్కుంది. ఇరవై ఏళ్ల తరువాత అదే పేరు అనంతపురం నేల మీద కొత్త కర్మాగారం కట్టింది. ఐపీ పెట్టినంత మాత్రాన కార్ల కంపెనీ కథ ముగిసినట్టు కాదనడానికి మనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

కంపెనీ పడిపోబోతున్నదంటే ప్రభుత్వం ఆదుకోవాలా వద్దా అన్న ఒక్క ప్రశ్న మీదే వాదనలు సాగుతుంటాయి. ఆదుకునే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి, వాటి ఫలితాలు ఒకదానికొకటి పోలిక లేనంత వేరుగా వచ్చాయి. కార్ల పరిశ్రమలో పనిచేస్తూ రేపటి గురించి ఆలోచిస్తున్నవారు, ఆ కంపెనీల షేర్లో బాండ్లో కొన్నవారు, పన్ను కడుతున్నవారు, పోటీ పరీక్షకు వ్యాసం రాయవలసినవారు తమకంటూ ఒక అభిప్రాయానికి రావడానికి పనికొచ్చేలా ఈ పోలికను రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా అమెరికా, బ్రిటన్, స్వీడన్ దేశాలవి. ఈ ప్రయోగాలు పూర్తిగా జరిగి, లెక్కలు తేలింది అక్కడే.

## ముందు తేల్చుకోవలసిన అయిదు విషయాలు

మొదటిది, జబ్బు ఏమిటన్నది. మంచి కార్లు ఉండి, కొనేవారూ ఉండి, తాత్కాలికంగా చేతిలో డబ్బు ఆడక ఆగిన కంపెనీ వేరు, కార్లే జనానికి అక్కర్లేని కంపెనీ వేరు. మొదటిదానికి అప్పు మందులా పనిచేస్తుంది, రెండోదానికి అదే అప్పు మరో రెండేళ్ల నష్టాన్ని మోయడానికి మాత్రమే సరిపోతుంది.

రెండోది, ప్రైవేటు అప్పు పుడుతుందా లేదా అన్నది. ఫోర్డ్ 2008లో అమ్మేసిన జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను 230 కోట్ల డాలర్లకు కొన్న టాటా మోటార్స్, ఆర్థిక సంక్షోభం ముంచుకురావడంతో బ్రిటిష్ ప్రభుత్వ పూచీ కోసం నెలల తరబడి చర్చలు జరిపింది. షరతులు కుదరక 2009 ఆగస్టులో ఆ ప్రయత్నం మానుకుని ప్రైవేటు బ్యాంకుల దగ్గరే అప్పు తెచ్చుకుంది. బయట అప్పు పుట్టే కంపెనీకి ఖజానా తెరవవలసిన అవసరం లేదని ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: నష్టం ఎవరి నెత్తిన, ఏ వరుసలో పడుతుంది? వాటాదారు, బాండు కొన్నవాడు, తాకట్టు పెట్టించుకుని అప్పిచ్చిన బ్యాంకు, కార్మికుడు, పింఛనుదారు, డీలరు, విడిభాగాలు సరఫరా చేసిన చిన్న పరిశ్రమ, చివరికి పన్ను కట్టేవాడు, వీరిలో ఎవరు ఎంత వదులుకున్నారో చూడకుండా ఏ ప్యాకేజీ మంచిదో చెడ్డదో చెప్పలేము.

నాలుగోది, కంపెనీ వెనకాల ఉన్న గొలుసు. ఒకే సీట్ల కంపెనీ, ఒకే బ్రేకుల కంపెనీ మూడు నాలుగు కార్ల కంపెనీలకు సరుకు ఇస్తుంటాయి కనుక ఒక పెద్ద కంపెనీ హఠాత్తుగా ఆగితే పోటీ కంపెనీ అసెంబ్లీ లైను కూడా ఆగుతుంది. అయిదోది, ప్రభుత్వం లోపలికి వెళ్లేటప్పుడే బయటికి వచ్చే దారి రాసుకున్నదా లేదా అన్నది.

## మొదటి దారి: ప్రభుత్వం పూచీ ఇవ్వడం

1979లో అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్ నష్టం 110 కోట్ల డాలర్లు. పెట్రోలు ధర మండిపోతున్న కాలంలో దాని గోదాముల్లో ఉన్నవి పెద్ద కార్లు. అధిపతి లీ అయకోకా అమెరికా కాంగ్రెస్ ముందుకు వెళ్లారు, 1980 జనవరిలో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో చట్టం వచ్చింది. ప్రభుత్వం తన జేబులోంచి డబ్బు తీయలేదు. బ్యాంకులు ఇచ్చే 150 కోట్ల డాలర్ల అప్పుకు పూచీ పడింది.

ఆ చట్టంలో మెచ్చుకోదగినది దాని షరతు. పూచీ దక్కాలంటే బ్యాంకులు, కార్మికులు, సరఫరాదారులు, డీలర్లు, రాష్ట్ర ప్రభుత్వాలు అందరూ కలిసి 200 కోట్ల డాలర్ల మేర వదులుకోవడమో సర్దడమో చేయాలని రాసిపెట్టారు. కార్మిక సంఘం జీతాల్లో కోతకు ఒప్పుకుంది, బదులుగా సంఘం అధ్యక్షుడు డగ్లస్ ఫ్రేజర్‌కు కంపెనీ బోర్డులో స్థానం దక్కింది. ప్రభుత్వం కూడా ఊరికే పూచీ పడకుండా, 1.44 కోట్ల షేర్లను ఒక్కొక్కటి 13 డాలర్లకు కొనుక్కునే హక్కును రాయించుకుంది. కంపెనీ 120 కోట్ల డాలర్లు మాత్రమే వాడుకుని, గడువుకు ఏడేళ్ల ముందే 1983లో మొత్తం తీర్చేసింది. అప్పటికి షేరు ధర బాగా పెరగడంతో, ఆ హక్కును ప్రభుత్వం వేలం వేస్తే క్రైస్లరే 31.1 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కోవలసి వచ్చింది.

ఇది ఇంత చక్కగా ఎందుకు నడిచిందంటే, అప్పు చేతికి వచ్చేనాటికి చిన్న కారు, 1981 మోడల్‌గా వచ్చిన కె-కారు, తయారవుతూ ఉంది. పైగా 1981 నుంచి జపాన్ కార్ల దిగుమతిని ఏడాదికి 16.8 లక్షలకు పరిమితం చేయించడం అన్ని అమెరికా కంపెనీలకూ కలిసివచ్చింది. ఈ రెండూ చెప్పకుండా క్రైస్లర్ విజయాన్ని పూచీ ఖాతాలోనే వేయడం సరికాదు. ఇక ఫ్యాక్టరీలు మూతపడి పని పోగొట్టుకున్నవారు వేలల్లో ఉన్నారు, హామ్‌ట్రామ్క్‌లోని డాడ్జ్ మెయిన్ కర్మాగారం 1980లోనే మూతపడింది. కంపెనీ బతికినంత మాత్రాన ఉద్యోగాలన్నీ బతికినట్టు కాదు.

## రెండో దారి: జాతీయం చేయడం

బ్రిటన్ 1975లో ఈ దారి పట్టింది. లక్షన్నర మందికి పైగా పనిచేసే బ్రిటిష్ లేలాండ్ కూలబోతుంటే, రైడర్ నివేదిక సిఫారసు మీద ప్రభుత్వమే దాదాపు మొత్తం వాటా తీసుకుంది. తరువాతి పదేళ్లలో వందల కోట్ల పౌండ్లు పోశారు. ఒకదానితో ఒకటి పోటీపడే సొంత మోడళ్లు, సమ్మెలు, పాత యంత్రాలు అన్నీ యజమాని మారాక కూడా అలాగే ఉండిపోయాయి. ప్రభుత్వం యజమాని అయ్యాక ఏ ఫ్యాక్టరీ మూసినా అది ఎన్నికల ప్రశ్న అవుతుంది కనుక, మూయవలసినవి ఆలస్యంగా మూతపడ్డాయి.

ఆ తరువాతి ప్రయాణం అప్పులపాలైన ఆస్తి చేతులు మారినట్టే సాగింది. జాగ్వార్ 1984లో విడిపోయింది. రోవర్ గ్రూపు అని పేరు మారిన మిగిలిన కంపెనీని 1988లో బ్రిటిష్ ఏరోస్పేస్ 15 కోట్ల పౌండ్లకు, 1994లో బీఎండబ్ల్యూ 80 కోట్ల పౌండ్లకు కొన్నాయి. 2000లో ల్యాండ్ రోవర్ ఫోర్డ్‌కు పోగా, లాంగ్‌బ్రిడ్జ్ కర్మాగారంతో సహా రోవర్ కార్ల వ్యాపారం చేతులు మారిన ధర పది పౌండ్లు. అక్షరాలా పది.

అయితే జాతీయం అనగానే తీసిపారేయవద్దని చెప్పడానికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. మూతపడిన మారుతి లిమిటెడ్‌ను 1980లో చట్టం చేసి కేంద్రం స్వాధీనం చేసుకుంది. 1981లో మారుతి ఉద్యోగ్‌ను స్థాపించి, సుజుకీని 26 శాతం వాటాతో భాగస్వామిగా తెచ్చుకుంది, 1983 డిసెంబరులో మొదటి కారు బయటికి వచ్చింది. వాటా క్రమంగా తగ్గించుకుంటూ 2007 నాటికి పూర్తిగా తప్పుకుంది. బ్రిటన్‌లో ప్రభుత్వం నడుస్తున్న జబ్బును కొన్నది. ఇక్కడ ఖాళీ షెడ్డును కొని, కారు తయారుచేయడం తెలిసినవాడిని వెతికి తెచ్చింది. దిగుమతుల పోటీ లేకుండా కాపాడిన మార్కెట్టు కూడా తోడైందన్నది నిజమే.

## మూడో దారి: ప్రభుత్వ సొమ్ముతో కోర్టు ద్వారా

ఎక్కువసేపు ఆగవలసింది ఇక్కడ, ఎందుకంటే ఆధునిక కాలంలో అతి పెద్ద ప్రయోగం ఇదే, దీని మీద కోపాలు కూడా ఇంకా చల్లారలేదు.

అమెరికాలో 2007లో 1.61 కోట్ల వాహనాలు అమ్ముడైతే 2009లో అది 1.04 కోట్లకు పడిపోయింది. 2008 నవంబరులో డెట్రాయిట్ కార్ల కంపెనీలైన జనరల్ మోటార్స్ (జీఎం), ఫోర్డ్, క్రైస్లర్ అధిపతులు ముగ్గురూ ఎవరి విమానంలో వారు వాషింగ్టన్‌కు వచ్చి సాయం అడిగి, దేశమంతా విమర్శలు మూటగట్టుకున్నారు. డిసెంబరులో మళ్లీ వచ్చినప్పుడు కార్లు నడుపుకుంటూ వచ్చారు. సెనేట్‌లో బిల్లు వీగిపోయింది. అధ్యక్షుడు బుష్ బ్యాంకుల కోసం కేటాయించిన నిధి నుంచి 1,740 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించి మూడు నెలల ఊపిరి పోశారు. ఒబామా వచ్చాక, మార్చి చివర్లో, జనరల్ మోటార్స్, క్రైస్లర్ రెండూ ఇచ్చిన ప్రణాళికలను తిరగ్గొట్టి, జీఎం అధిపతి రిక్ వాగనర్‌ను దింపి, రెండు కంపెనీలనూ దివాలా కోర్టు మెట్లెక్కించారు.

ప్రభుత్వ సొమ్ము లేకుండా కోర్టుకు వెళ్లలేరా అన్నది న్యాయమైన ప్రశ్న. విమాన కంపెనీలు దివాలా రక్షణలో ఉంటూనే ఎగురుతాయి కదా. విమాన టికెట్టు ఒక్క ప్రయాణానికి, కారు కొన్నవాడు మాత్రం పదేళ్లు విడిభాగాలకూ వారంటీకీ ఆ కంపెనీ మీదే ఆధారపడాలి. అందుకే ఆ ఏడాది మార్చిలో ఈ రెండు కంపెనీల వారంటీలకు అమెరికా ఖజానాయే పూచీ పడింది. ఇక దివాలా కాలంలో కంపెనీ నడవడానికి కావలసిన అప్పును మామూలుగా పెద్ద బ్యాంకులు ఇస్తాయి. 2008లో లేమాన్ అనే పెద్ద అమెరికా బ్యాంకు కూలిన తరువాత ఆ బ్యాంకులే ప్రభుత్వం గుమ్మం ముందు నిలబడి ఉన్నాయి. ఈ రెండు కారణాల వల్లే నేను అప్పటి జోక్యాన్ని సమర్థిస్తాను. బ్యాంకులు మామూలుగా ఉన్న కాలంలో ఇదే జోక్యాన్ని సమర్థించను.

పద్ధతి ఇది: పనికొచ్చే ఫ్యాక్టరీలు, బ్రాండ్లు కొత్త కంపెనీకి అమ్ముతారు, పాత అప్పులు, మూసేసిన ప్లాంట్లు పాత కంపెనీలో మిగిలిపోతాయి. క్రైస్లర్ ఏప్రిల్ 30న కోర్టుకు వెళ్లి 42 రోజుల్లో, జీఎం జూన్ 1న వెళ్లి 40 రోజుల్లో బయటపడ్డాయి. కొత్త జీఎంలో అమెరికా ప్రభుత్వానికి దాదాపు 61 శాతం, కార్మికుల వైద్య నిధికి 17.5 శాతం, కెనడా, ఒంటారియో ప్రభుత్వాలకు 11.7 శాతం, 2,700 కోట్ల డాలర్ల బాండ్లు పట్టుకున్నవారికి 10 శాతం వాటా దక్కాయి. పాత షేర్లు చిత్తుకాగితాలయ్యాయి.

వంద డాలర్ల అప్పును దగ్గర పెట్టుకుని చూస్తే ఈ పంపకం ఎంత కఠినమైనదో తెలుస్తుంది. క్రైస్లర్ ఆస్తులను తాకట్టు పెట్టించుకుని 690 కోట్ల డాలర్లు ఇచ్చినవారికి 200 కోట్లు, అంటే వందకు 29 చేతికొచ్చాయి. తాకట్టు లేని కార్మికుల వైద్య నిధికి మాత్రం కొత్త కంపెనీలో సగానికి పైగా వాటా దక్కింది. ఆ తాకట్టు అప్పులో ఇండియానా ఉపాధ్యాయుల, పోలీసుల పింఛను నిధుల సొమ్ము కూడా ఉంది కాబట్టి వారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, జూన్ 9న కోర్టు ఆపడానికి నిరాకరించింది. కార్మికులు లేనిదే కొత్త కంపెనీ నడవదు కాబట్టి వారికి ఇచ్చింది భవిష్యత్తు కోసమనేది ప్రభుత్వ పక్షం వాదన. నాకు అందులో బలం కనిపిస్తుంది కానీ, వరుస తప్పిందన్న ఉపాధ్యాయుడి బాధను తేలిగ్గా కొట్టిపారేయలేను.

కార్మికులూ తక్కువ ఇవ్వలేదు. 2015 దాకా సమ్మె చేయబోమని రాసిచ్చారు, కొత్తగా చేరినవారు పాతవారి జీతంలో సగానికి దగ్గరగా పనిచేశారు. క్రైస్లర్ 789 మంది డీలర్లను నెల గడువైనా ఇవ్వకుండా తొలగించింది. పాంటియాక్, సాటర్న్, హమ్మర్ బ్రాండ్లు పోయాయి. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వంటి డెట్రాయిట్ శివార్లలో ఎంతోమంది తెలుగు ఇంజనీర్లు స్థిరపడి ఉన్నారు. ఆ ఏడాది ఆ ప్రాంతంలో ఉద్యోగం మీద ధీమాతో ఉన్న ఇల్లు అరుదు.

చివరి లెక్క: జీఎంలో పెట్టిన 4,950 కోట్ల డాలర్లలో సుమారు 3,900 కోట్లు తిరిగివచ్చాయి, 2013 డిసెంబరులో ప్రభుత్వం పూర్తిగా బయటపడింది. రెండు కంపెనీలు, వాటి రుణ సంస్థలు అన్నీ కలిపి దాదాపు 8,000 కోట్లు పెట్టి, రుణ సంస్థ మీద వచ్చిన మిగులు జీఎం నష్టాన్ని కొంత పూడ్చాక, 900 కోట్లకు పైగా నష్టపోయింది. లాభం వచ్చిందని ఎవరైనా అంటే అది తప్పు. ఆ నష్టంతో ఎన్ని ఫ్యాక్టరీలు, ఎంత పన్ను ఆదాయం నిలిచాయన్నదే అసలు బేరీజు.

## నాలుగో దారి: వదిలేసి, మనుషులను ఆదుకోవడం

స్వీడన్ ప్రభుత్వం 2009లో, జీఎం చేతిలో ఉన్న స్వీడన్ కార్ల కంపెనీ సాబ్‌ను కొనడానికి నిరాకరించింది. కార్ల ఫ్యాక్టరీలకు యజమాని కావడం తన పని కాదని తేల్చిచెప్పింది. జీఎం దానిని 2010లో డచ్చి కంపెనీ స్పైకర్‌కు అమ్మింది. 2011 వసంతంలో సరఫరాదారుల బాకీలు పేరుకుని ట్రోల్‌హాటన్‌లో అసెంబ్లీ లైను ఆగింది, డిసెంబరు 19న దివాలా ఖరారైంది. ఇంత జరిగినా దీనిని నిర్లక్ష్యమనలేము, దివాలా తీసిన కంపెనీ కార్మికుల జీతాలను కొంతకాలం ప్రభుత్వమే చెల్లించే ఏర్పాటు అక్కడ ఉంది. కంపెనీకి కాక మనిషికి సాయం చేయడమంటే ఇదే.

బ్రిటన్ 2005 ఏప్రిల్‌లో ఎంజీ రోవర్ (పది పౌండ్లకు చేతులు మారిన ఆ రోవర్ కంపెనీయే) విషయంలో చివరికి ఇక్కడికే చేరింది. కొనుగోలుదారు దొరుకుతాడేమోనని వారం రోజుల జీతాలకు 65 లక్షల పౌండ్లు అప్పిచ్చి, దొరక్కపోవడంతో ఆగిపోయింది. ఆరు వేల మంది ఒకే ఊళ్లో ఒకేసారి పని కోల్పోయారు. ఎంజీ పేరు చైనా చేతికి వెళ్లి, 2019లో గుజరాత్‌లోని హలోల్‌లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ కర్మాగారం అంతకుముందు జనరల్ మోటార్స్‌ది. యంత్రాలకూ పేర్లకూ మళ్లీ పని దొరుకుతుంది, లాంగ్‌బ్రిడ్జ్‌లో యాభై ఏళ్ల వయసున్న ఫిట్టరుకు దొరకడం కష్టం. ఈ దారిని ఎంచుకునే ప్రభుత్వం ఆ ఫిట్టరు కోసం ముందే డబ్బు పక్కన పెట్టాలి.

సంక్షోభానికి ముందే మేలుకోవడం అన్నది ప్రభుత్వ నిర్ణయం కాకపోయినా చెప్పుకోవాలి. ఫోర్డ్ 2006లోనే తన నీలి గుర్తుతో సహా ఆస్తులను తాకట్టు పెట్టి 2,360 కోట్ల డాలర్లు తెచ్చుకుంది కాబట్టి 2009లో కోర్టుకు వెళ్లలేదు. అయినా ఉమ్మడి సరఫరాదారులు కూలకూడదని పోటీ కంపెనీలకు సాయం చేయమని కాంగ్రెస్ ముందు కోరింది.

| దారి | ఎప్పుడు నప్పుతుంది | ముందుగా నష్టపోయేది | ఖజానాకు ప్రమాదం |
|---|---|---|---|
| పూచీ | కొత్త కారు సిద్ధంగా ఉండి డబ్బు ఆడనప్పుడు | అందరూ కొంతకొంత, షరతుల ప్రకారం | తక్కువ, షేర్ల హక్కు ఉంటే లాభం కూడా |
| జాతీయం | నడిపేవాడు ముందే దొరికినప్పుడు | పాత యజమానులు, తరువాత ఖజానా | చాలా ఎక్కువ |
| ప్రభుత్వ సొమ్ముతో కోర్టు | కంపెనీ పెద్దదై, బయట అప్పు పుట్టనప్పుడు | వాటాదారులు, బాండ్లవారు, డీలర్లు | మధ్యస్థం |
| వదిలేయడం | కంపెనీ చిన్నదై, కార్లు అమ్ముడుపోనప్పుడు | కార్మికులు, ఆ ఊరు | జీతాల హామీ వరకే |

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

మీరు కార్మికులో, విడిభాగాల పరిశ్రమ యజమానో అయితే ఏ దారైనా వేగంగా తేలడమే మీకు మేలు. సాబ్ సరఫరాదారులను ముంచింది రెండేళ్ల ఊగిసలాట. ఒకే కంపెనీ నుంచి సగానికి పైగా ఆర్డర్లు వస్తుంటే, ఆ కంపెనీ బాకీ చెల్లించే గడువు పెంచమని అడిగిన రోజునే మేలుకోండి.

మీరు షేర్లు కొన్నవారైతే, ప్రభుత్వం ఆదుకుంటుందన్న వార్త చూసి కొనవద్దు. 2009లో జీఎం బతికింది, జీఎం పాత వాటాదారు బతకలేదు. మన 2016 దివాలా చట్టంలో కూడా పంపకంలో ఆఖరి స్థానం మామూలు వాటాదారుదే. తాకట్టు ఉన్న అప్పుతో సమానంగా కార్మికుల రెండేళ్ల బకాయిలు ముందు వరుసలో నిలుస్తాయి.

పన్ను కట్టేవారిగా, ఓటరుగా ఆలోచిస్తే నా ఓటు వరుసగా ఇలా పడుతుంది: బయట అప్పు పుడుతుంటే ఏమీ చేయవద్దు. పుట్టకపోయి, కంపెనీ చిన్నదైతే జీతాలకు హామీ ఇచ్చి కంపెనీని వేలానికి వదలండి. పెద్దదై, గొలుసు లోతైనదైతే కోర్టు ద్వారానే, షేర్ల హక్కు రాయించుకునే, వైదొలిగే షరతుతోనే డబ్బు పెట్టండి. కోర్టు లేకుండా నేరుగా అప్పు ఇవ్వడం అన్నిటికంటే తేలికగా కనిపించే దారి, అందుకే దానిని అన్నిటికంటే అనుమానంగా చూడాలి.

ఇక కారు కొనుక్కున్నవారు, కొనబోయేవారు. మా ఇంట్లో ఒకప్పుడు వాడిన చిన్న కారు కంపెనీ మన దేశంలో దుకాణం సర్దేసింది. తరువాత ఎడమవైపు తలుపు అద్దం ఎత్తే మోటారు కాలిపోతే, విజయవాడ ఆటోనగర్‌లో మూడు రోజులు తిరిగి, తుక్కుకు వచ్చిన అదే మోడల్ కారు తలుపులోంచి ఊడదీసిన మోటారు తెచ్చి బిగించుకున్నాము. మెకానిక్ అది బిగిస్తూ, ఇంజను సామాను పోటీకి వేరే కంపెనీవాళ్లు తయారుచేస్తారనీ, తలుపులు, దీపాలు, డాష్‌బోర్డు ముక్కలే దొరకవనీ చెప్పాడు. కంపెనీ కష్టాల్లో ఉందని తెలిసి తక్కువ ధరకు కారు కొంటున్నవారు అందుకే మూడు చూసుకోవాలి: ఆ మోడల్ ఎక్కువగా అమ్ముడైనదా, దాని ఇంజను మరో కంపెనీ కార్లలో కూడా వాడుతున్నదా, కంపెనీ పోయినా విడిభాగాలు, సర్వీసు కొనసాగించే బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉన్నదా.